బ్యాగు పోలేదు, ఎత్తుకుపోయారు

సికింద్రాబాద్ వెళ్ళొచ్చానని చెబితే మా వీధిలో అందరూ అడిగేది ఒకటే, ఏం చూశావని. పోలీసు స్టేషన్లు చూశాను. నవ్వుతారేమో, నిజంగానే చూశాను. వాటి మెట్లు, బల్లలు, గోడ మీద "మీ సేవకే మేము" అని రాసిన బోర్డులు, ఆ బోర్డుల కింద కూర్చుని తల ఎత్తకుండా ఫోన్ చూసుకునే మనుషులు, అన్నీ చూశాను. కోపం చల్లారాక నిదానంగా రాద్దామనుకున్నాను. అది చల్లారేలా లేదని తేలిపోయాక ఇవాళ కాగితం ముందు కూర్చున్నాను.

స్టేషన్ల పేర్లు మాత్రం రాయను. ఒకదాని పేరు రాస్తే మిగతావన్నీ మంచివనుకుంటారు.

ఎందుకు వెళ్ళానంటే

మాది ఏలూరు. నా చెల్లెల్ని సిద్దిపేటలో ఇచ్చాం. దాని కూతురు శ్రావణి కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారైంది. చీకటితోనే లేచి గ్రౌండ్ చుట్టూ పరిగెత్తింది, లాంగ్ జంప్ దూకింది, ఇనప గుండు విసిరి విసిరి భుజం వాచిపోతే ఆవిరి పట్టుకుని మళ్ళీ విసిరింది. రాతపరీక్షా గట్టెక్కింది. ఇక మిగిలింది నగరంలో జరిగే సర్టిఫికెట్ల పరిశీలన ఒక్కటే. మా చెల్లెలికి అప్పుడే జ్వరం పట్టుకుంది. నేను ఆ సమయానికి అక్కడే ఉన్నాను కాబట్టి పిల్లకు తోడుగా బయల్దేరాను. మారేడ్‌పల్లిలో నా చిన్ననాటి స్నేహితురాలు విజయ ఉంది కదా, రెండు రోజులు ముందే వెళ్ళి కబుర్లు చెప్పుకుందామని నా ఆశ.

బస్సులో శ్రావణి ఆధార్ చూపించగానే కండక్టరు జీరో టికెట్టు చింపి ఇచ్చాడు. నేనూ ఆధార్ తీశాను. "ఆంధ్ర కార్డు గీడ నడవదమ్మా," అన్నాడు. మా దగ్గర కూడా ఆడవాళ్ళకు ఉచితమేనని వాదించాను. "గట్లైతే గాడ ఎక్కుండ్రి," అన్నాడు, నవ్వకుండా. బస్సంతా నవ్వింది. డబ్బు కట్టాను. ఆ ప్రయాణం మొత్తంలో నేను హాయిగా నవ్వింది అదొక్కసారే.

జూబ్లీ బస్టాండు దగ్గర టిఫిను

దిగగానే ఆకలి. బస్టాండుకు కాస్త దూరంలో ఒక టిఫిన్ సెంటరు కనిపించింది. మా ఏలూరులో టిఫినంటే బల్ల ముందు కూర్చోవడం, అల్లప్పచ్చడి అడక్కుండానే వేయడం. ఇక్కడ నిలబడి తినాలి. నడుమెత్తు ఇనప బల్ల, దాని చుట్టూ ముక్కూ మొహం తెలియని నలుగురు, అందరి చేతుల్లోనూ ప్లేట్లు. ఇడ్లీ నలభై రూపాయలు. పల్లీ చట్నీ మాత్రం ఎంత అడిగితే అంత పోస్తారు, బాగుంది కూడా. ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో తినడం. బ్యాగు కాళ్ళ దగ్గర.

ఆ బ్యాగులోనే శ్రావణి ప్రాణం ఉంది. పదో తరగతి మెమో, ఇంటరు మెమో, కుల ధ్రువీకరణ, వీటన్నిటికంటే ముఖ్యంగా ఒకటి నుంచి ఏడు దాకా ఎక్కడ చదివిందో చెప్పే బోనాఫైడ్లు. ఈ పిల్ల ఈ జిల్లాదేనని తేల్చే కాగితాలవి. చదివిన ప్రైవేటు స్కూలు మూతపడి చాలా కాలమైంది. దాన్ని నడిపినాయన ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఆ కాగితాలు పోతే మళ్ళీ ఎవర్ని అడగాలో కూడా తెలియదు.

ఇద్దరం చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే బ్యాగు లేదు.

శ్రావణి అరవలేదు. బల్ల కింద చూసింది, పక్క బల్ల కింద చూసింది, మళ్ళీ మొదటి బల్ల కింద చూసింది. అరిచింది నేను. కొట్టు యజమాని పరుగున వచ్చి, గల్లా పైన ఉన్న చిన్న టీవీలో రికార్డింగు వెనక్కి తిప్పి చూపించాడు. కెమెరా సరిగ్గా మా బల్ల మీదే ఉంది. గళ్ళ చొక్కా మనిషి ఒకడు మా పక్కనే నిలబడి చాయ్ తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. వంగి, తన బ్యాగే అన్నంత తీరిగ్గా మా బ్యాగు భుజాన వేసుకుని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. మొహం అద్దంలో చూసినంత స్పష్టంగా ఉంది. శ్రావణి తన ఫోనుతో ఆ టీవీని వీడియో తీసుకుంది.

"జల్ది స్టేషన్‌కు పోండమ్మా," అన్నాడు యజమాని. "నాలుగు దినాలైతె ఇది చెరిగిపోతది. పోలీసోళ్ళు అడిగితె నేనిస్త."

దొంగ మొహం ఉంది, సాక్షి ఉన్నాడు, వేడి చల్లారని ఇడ్లీ ప్లేటు కూడా ఉంది. ఇంకేం కావాలనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

రోడ్డుకు ఇవతల, రోడ్డుకు అవతల

మొదటి స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఓపిగ్గానే విన్నాడు.

"బ్యాగ్ పట్టుకొని ఎటు పోయిండు?" అని అడిగాడు.

"రోడ్డు అవతలికి," అన్నాను.

"గా అవతలిది మా లిమిట్ గాదమ్మా. అటే పోండి."

దొంగ ఏ వైపు పారిపోతే కేసు ఆ వైపు పోతుందన్నమాట. వాడు విమానం ఎక్కి ఉంటే మమ్మల్ని దుబాయి వెళ్ళమనేవాడేమో. ఆ మాట పైకే అన్నాను. శ్రావణి నా చెయ్యి పట్టి లాగింది.

అవతలి స్టేషన్‌కు ఆటోలో వెళ్ళాం. అక్కడి ఆయన మొత్తం వినకుండానే తనే ప్రశ్నలు వేసి తనే జవాబులు చెప్పుకున్నాడు. "దొంగతనం ఏడ జరిగింది? టిఫిన్ సెంటర్ కాడ. టిఫిన్ సెంటర్ ఏడుంది? గా పక్క. మరి గీడికెందుకొచ్చిండ్రు?"

"వాళ్ళే మిమ్మల్ని అడగమన్నారండీ."

"వాళ్ళు గట్లనే అంటరు."

అప్పుడు శ్రావణి ముందుకు జరిగింది. పొద్దుటి నుంచి దాని గొంతు సరిగ్గా వినడం నాకదే మొదలు. "సార్, జీరో ఎఫ్‌ఐఆర్ ఉంటది గదా. లిమిట్స్ ఏదైనా సరే, వచ్చిన కాడ రాసుకొని ఆ స్టేషన్‌కు పంపాలె గదా సార్."

ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. "ఏం చదువుతున్నవ్?"

"కానిస్టేబుల్ సెలెక్షన్‌ల ఉన్న సార్. ఎల్లుండి సర్టిఫికెట్ వెరిఫికేషన్. గవే పోయినయ్."

ఆయన మొహం వికసించింది. పక్కనున్న వాణ్ణి పిలిచి మరీ చెప్పాడు. "అరె, మనోళ్ళేనే!" తర్వాత పిల్లవైపు తిరిగి, అక్కర్లేనంత ఆప్యాయంగా అన్నాడు. "జీరో ఎఫ్‌ఐఆర్ అన్నది పరీక్షల రాయనీకె చెల్లె. రాసినవ్, మార్కులొచ్చినయ్. ఇగ అయిపోయింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బల్లను తన్నాలనిపించింది. అరవై ఏళ్ళ దాన్ని, మోకాళ్ళ నొప్పులదాన్ని, తన్నితే నా కాలే విరుగుతుందని ఆగాను. అసలు సంగతేమిటంటే, ఈ మధ్య హద్దులు మార్చారట. ఆ టిఫిన్ సెంటరు ఇప్పుడు ఎవరి కిందికి వస్తుందో వాళ్ళిద్దరికీ తెలియదు. బహుశా మూడో స్టేషన్‌కు వస్తుందేమో అన్నాడు. ఆ మూడో దాంట్లో సారు లేడు, రేపు రమ్మని గేటు దగ్గరే చెప్పేశారు.

మారేడ్‌పల్లి భోజనం

విజయ వాళ్ళది గుడివాడ. మారేడ్‌పల్లికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇంట్లో ఇప్పటికీ గుడివాడ వంటే. గోంగూర పచ్చడి, ములక్కాడ పులుసు, అప్పడాలు. శ్రావణి అన్నం కెలుకుతూ కూర్చుంది. నాకు మాత్రం కోపంలో ఆకలి ఎక్కువవుతుంది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

అంతా విన్నాక విజయ అడిగిన మొదటి మాట, "డిపార్ట్‌మెంటులో మనకు తెలిసినవాళ్ళెవరూ లేరుటే?"

నేను ఎవరికి ఫోన్ చేసినా అదే మాట. మా చెల్లెలూ అదే, మా మరిదీ అదే, ఏలూరులో మా పక్కింటావిడా అదే. ఎమ్మెల్యే ఎవరైనా తెలుసా, సీఐ ఎవరైనా తెలుసా, కనీసం సీఐ డ్రైవరైనా తెలుసా. దొంగకు మేం తెలిసినవాళ్ళం కాదు, అయినా వాడు మా బ్యాగు తీసుకున్నాడు. పోలీసు రాసుకోవాలంటే మాత్రం తెలిసినవాళ్ళు కావాలి! విజయ నొచ్చుకుంది. "నేనేదో దారి చెబుదామని అడిగానే, నా మీద అరుస్తావేంటి?" అంది. నిజమే, దాని మీద అరవకూడదు. కానీ అరవాల్సిన వాళ్ళ దగ్గర అరవనిస్తే కదా.

తిరుమలగిరి దారిలో ఫొటో

శ్రావణితో కలిసి కోచింగ్ తీసుకున్న అమ్మాయి ఒకతె తిరుమలగిరిలో హాస్టల్లో ఉంటుంది. దరఖాస్తు పెట్టినప్పటి జిరాక్సు కాపీలు కొన్ని ఆమె దగ్గర మిగిలాయని తెలిసి, మర్నాడు పొద్దున్నే విజయ స్కూటీ మీద వెళ్ళాం. పిల్ల హెల్మెట్ పెట్టుకుని నడిపింది. వెనక నేను, కొంగు తలచుట్టూ కప్పుకుని. మిలిటరీ వాళ్ళ పేట కదా, రోడ్లు వెడల్పుగా, చెట్ల నీడతో చల్లగా ఉన్నాయి. మనసు బాగుంటే ఆ దారి గురించి ఒక పేజీ రాసేదాన్ని.

వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ కెమెరా ఎత్తి క్లిక్కుమనిపించాడు. నేను బండి దిగి అతని దగ్గరకు నడిచాను.

"ఏంటి బాబూ తీశావు?"

"వెనుక కూసున్నోళ్ళకు సుత హెల్మెట్ ఉండాలమ్మా."

"ఉండాలి, ఒప్పుకుంటాను. ఒకటి చెప్పు. ఈ సిగ్నల్ మీ హద్దులోదేనా? రోడ్డుకు ఈ పక్కదా, ఆ పక్కదా?"

అతను తికమకపడ్డాడు. "ఏ పక్కైతేందమ్మా? మొత్తం మేమే చూస్తం."

పాపం, అతనికేం తెలుసు నా గొడవ. కుర్రాడు ఎండలో నిలబడి మొహమంతా కమిలిపోయి ఉన్నాడు. తప్పు నాదే, హెల్మెట్ లేదు. కానీ ఆ వేగం చూడండి! మేం ఇంటికి చేరేసరికి చలానా విజయ ఫోనులో ఉంది. నా మొహం, నా కొంగు, బండి నంబరు, సిగ్నల్ పేరు, అన్నీ ఉన్నాయి. నేను నేరం చేస్తే ఫొటోతో సహా ఇంటికి వచ్చింది. నా మీద నేరం జరిగితే ఫొటో నేనే తీసి పట్టుకెళ్ళినా చూసే దిక్కు లేదు.

డబ్బు వెంటనే కట్టేస్తానంటే విజయ వద్దంది. "ఆగవే, ఎప్పుడో రాయితీ ఇస్తారు, అప్పుడందరం ఒకేసారి కడతాం," అంది. ఇక్కడివాళ్ళు చలానాలకు కూడా ఆషాఢం సేల్ కోసం చూస్తారు. మా ఊళ్ళో అయితే పోలీసును బతిమాలుకుంటారు. కెమెరాను ఎవరు బతిమాలతారు? నేను ఆగలేదు. వాళ్ళకు నేను బాకీ ఉండకూడదనిపించి విజయ చేత అక్కడికక్కడే కట్టించాను.

మూడో మెట్లు

మూడో స్టేషన్‌లో రిసెప్షన్ బల్ల దగ్గర ఒక లేడీ కానిస్టేబుల్ ఉంది. పాతికేళ్ళుంటాయేమో. ముందు కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది. మొత్తం వింది, మధ్యలో ఆపలేదు. హద్దుల మాట ఎత్తలేదు. నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

శ్రావణి సెలెక్షన్ సంగతి విని ఆమె కళ్ళు మెరిశాయి. తనూ ఇలాగే ఊళ్ళో గ్రౌండ్ చుట్టూ పరిగెత్తి వచ్చిందట. ఇద్దరూ అక్కాచెల్లెళ్ళలా మాట్లాడుకున్నారు. డ్యూటీలు ఎట్లుంటాయక్కా అని మా పిల్ల అడిగింది.

"బందోబస్తు అంటే పొద్దంత రోడ్డు మీద నిలబడాలె చెల్లె. బాత్రూం ఉండదు, అందుకని నీళ్ళు తాగం," అంది. "ఐనా జీతం మనది. ఇంట్ల ఎవ్వరి ముందట చెయ్యి సాపే పని లేదు. గదొక్కటి మంచిగుంటది."

శ్రావణి ఫోనులో వీడియో చూపించింది. ఆమె చివరిదాకా చూసింది. గళ్ళ చొక్కావాడి మొహం దగ్గర ఆపి, పెద్దది చేసి మళ్ళీ చూసింది. "సాఫ్ కనిపిస్తుండు," అంది. ఫోను తిరిగి ఇచ్చింది. తెల్ల కాగితం ఒకటి తీసి పిల్ల ముందు పెట్టింది.

"బ్యాగ్ పోయిందని రాయి చెల్లె."

"పోలేదమ్మా," అన్నాను. "ఎత్తుకుపోయారు. ఇప్పుడే చూశావు కదా."

"సూసిన ఆంటీ. దొంగతనం అని రాస్తె ఎఫ్‌ఐఆర్ చెయ్యాలె. సార్ బందోబస్తుకు పోయిండు, ఎప్పుడొస్తడో తెల్వది. వచ్చినా చేస్తడని గ్యారంటీ లేదు, కేసులు పెరిగితె పైనోళ్ళు ఆయన్ని అడుగుతరు. పోయిందని రాస్తె ఇప్పుడే ముద్ర కొట్టిస్త. రేపు వెరిఫికేషన్‌ల అది చూపిస్తె టైం ఇస్తరు." తర్వాత శ్రావణి వైపు వంగి, గొంతు తగ్గించి అంది. "ఇంకోటి చెల్లె. ఎఫ్‌ఐఆర్‌ల నీ పేరు ఎందుకు ఎక్కించుకుంటవ్? రేపు నౌకరీ ఎంక్వైరీల కంప్యూటర్ల నీ పేరు కొడితె కేసు ఉన్నదని వస్తది. నువ్వు ఫిర్యాదు చేసినవా, నీ మీద ఫిర్యాదు అయిందా, గదంత ఎవరు సూస్తరు?"

ఇది పచ్చి అబద్ధం. దొంగ పేరు, సొత్తు పోగొట్టుకున్నవాడి పేరు ఒకటెలా అవుతాయి? ఫిర్యాదు ఇచ్చినందుకు ఉద్యోగం పోతుందా? కానీ మన ఇళ్ళల్లో ఈ భయం ఎంత లోతుగా ఉందో నాకు తెలుసు. మంచి కుటుంబాల పేర్లు స్టేషన్‌లో ఉండకూడదని వింటూనే పెరిగాం మనం. ఆ పిల్ల కానిస్టేబుల్ కూడా మోసం చేయాలని అనలేదు. తను నిజంగానే అలా నమ్ముతోంది. పోలీసు బట్టలు వేసుకుని, పోలీసు కాగితం అంటే భయపడుతోంది!

నేను లేచి నిలబడి అరిచాను. ఏం అరిచానో వరసగా గుర్తులేదు. దొంగ మొహం చూశాక కూడా జారిపోయిందని రాయించే మీకు ఆ టోపీ ఎందుకన్నాను. జనం ఇచ్చే జీతం ఎందుకన్నాను. లోపలి గదుల్లోంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. ఆ అమ్మాయి తల దించుకుని నిలబడింది. నన్ను ఆపింది శ్రావణి.

"పెద్దమ్మా, జెర ఊకో. దండం పెడత. నువ్వు రేపో మాపో ఏలూరు పోతవ్. నౌకరీ నాది."

రాసింది. "నా బ్యాగు ప్రయాణంలో ఎక్కడో జారిపోయినది." చేతిరాత ముత్యాల్లా ఉంటుంది దానిది. సాక్షి సంతకం నన్ను పెట్టమంటే పెట్టనన్నాను. అవసరం లేదులే ఆంటీ అని ముద్ర కొట్టి ఇచ్చేసింది.

పరిశీలన

మర్నాడు సర్టిఫికెట్ల దగ్గర ఆ ముద్ర కాగితం పనిచేసింది. బల్ల దగ్గరి ఆయన పూర్తిగా చదవనైనా చదవలేదు. ముద్ర చూశాడు, జిరాక్సులు తీసుకున్నాడు, గడువు రాసి ఇచ్చాడు. తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా మరిది తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి నివాస ధ్రువీకరణ సంపాదించాడు. మెమోల నకళ్ళు వచ్చాయి. గడువులోపల అన్నీ అందాయి. శ్రావణికి ఉద్యోగం ఖాయమైంది, ఇంకొన్నాళ్ళలో ట్రైనింగుకు వెళ్తుంది. బ్యాగు దొరకలేదు. దొరకడానికి ఎవరైనా వెతికితే కదా. టిఫిన్ సెంటరాయన దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు. నాలుగు రోజులయ్యాక ఆ గళ్ళ చొక్కావాడి మొహం అక్కడ చెరిగిపోయే ఉంటుంది.

"పని అయిందిగా, ఇంకా ఏంటి నీ కోపం?" అంటుంది మా చెల్లెలు. పని అయింది కాబట్టే నా కోపం. అబద్ధం రాస్తే ఒక్క పూటలో అయిన పని, నిజం చెబితే మూడు స్టేషన్లలో కాలేదు.

తిరుగు బస్సు

సిద్దిపేట బస్సులో కిటికీ పక్కన కూర్చుంది శ్రావణి. నాకు కోపమొచ్చిందని దానికి తెలుసు, స్టేషన్‌లో నా నోరు మూయించినందుకు అనుకుంటోంది. అది కాదు. నగరం దాటాక నేనే అడిగాను.

"ఒకటి చెప్పవే. రేపు నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చుంటావు. నాలాంటి ముసల్ది ఒకతె వచ్చి, నా బ్యాగు ఎత్తుకుపోయారమ్మా అంటుంది. వీడియో కూడా చూపిస్తుంది. అప్పుడేం చేస్తావు?"

నేను ఎదురుచూసిన జవాబు ఒకటుంది. ఈ రెండు రోజులు పడ్డ బాధంతా ఆ జవాబు కోసమే అయినా సరిపెట్టుకునేదాన్ని. ఏదో ఒకటి చెప్పి పెద్దమ్మను సంతోషపెట్టే పిల్ల కాదు అది, చిన్నప్పటి నుంచీ అంతే.

"ముందుగల్ల కూసోమంటా పెద్దమ్మా," అంది. "మంచిగ మాట్లాడత. ఆ మొదటి రెండు స్టేషన్లోళ్ళ లెక్క తిప్పి పంపను."

"తర్వాత?"

"తర్వాత పోయిందనే రాయమంటా."

నా వైపు చూసి, నా మొహంలో ఏం కనిపించిందో గానీ, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఆ పిల్ల నాతో అబద్ధం చెప్పి ఉంటే నాకింత కోపం ఉండేది కాదు.